గొంగళి శలభముల కుటుంబము: వర్గీకరణము, వ్యాప్తి

కర్ణాటక రాష్ట్రమునందలి తుమకూరు జిల్లాలో పావగడ తాలూకాకు ఒక విశేషము కలదు. పటమునందు చూచినచో అది ఆంధ్రదేశములోనికి చొచ్చుకొని వచ్చినట్లు కనబడును. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గము ప్రాంతములు దానిని చుట్టుకొని యున్నవి. తాలూకా ప్రజలలో పెక్కుమందికి ఇంటి భాష తెలుగు, కచేరి భాష కన్నడము. వల్లూరు మొదలగు గ్రామములలో నేల ఎఱ్ఱనిది, వాన తక్కువ, మెట్ట పంటలలో ముఖ్యమైనది వేరుశనగ. ఈ మూడింటిని ఆశ్రయించి బ్రదుకు ఒక పురుగును ఇచటి రైతులు చిరకాలముగా ఎఱుగుదురు. తెలుగువారు దానిని గొంగళి పురుగనియు, బొచ్చు పురుగనియు అందురు. కన్నడిగులు కంబళి హుళు అందురు. గొంగళి యన్నను, కంబళి యన్నను ఉన్నితో నేసిన ముతక దుప్పటియే గదా. రెండు భాషల రైతులును ఆ పురుగు మేనిమీది దట్టమైన రోమములను చూచి ఒకే పోలికను ఎన్నుకొనిరి.

శాస్త్రజ్ఞులును ఈ మార్గముననే నడచిరి. 1815 లో విలియం ఎల్‌ఫర్డ్ లీచ్ అను ఆంగ్లేయుడు ఈ జీవులకు 'ఆర్క్టైడే' అను కుటుంబ నామమును నిర్మించెను. గ్రీకు భాషలో 'ఆర్క్టోస్' అనగా ఎలుగుబంటి. రెక్కల పురుగు ఎంత రంగురంగులదైనను, కుటుంబమునకు పేరు వచ్చినది దాని బాల్యదశయందలి బొచ్చువలననే. పల్లెరైతు గొంగళితోను, పండితుడు ఎలుగుబంటితోను పోల్చినది ఒకే లక్షణమును. అయినను పోలిక ఒక్కటే వర్గీకరణము కాజాలదు. బొచ్చు గల ప్రతి పురుగును ఈ కుటుంబమునకు చెందినది కాదు. ఈ భేదమును గుర్తింపనిచో శాస్త్రమునకు పొరపాటును, రైతునకు నష్టమును కలుగును. ఈ కుటుంబమునకు జంతుశాస్త్రమున గల స్థానమును, లోకమునందును మన మెట్ట భూములయందును దాని వ్యాప్తిని వివరించి, ఈ జ్ఞానము పొలమునం దెట్లు ఉపకరించునో చూపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

శలభములు, సీతాకోకచిలుకలు

రెక్కలపై సన్నని పొలుసులు గల కీటకములను 'లెపిడాప్టెరా' అను క్రమముగా ఏర్పరచియున్నారు. పొలుసు రెక్కలు గలవి యని ఆ మాటకు అర్థము. నేటివఱకు ఈ క్రమమున సుమారు 1,60,000 జాతులు వర్ణింపబడినవి. వానిలో పగటిపూట పూలపై వాలు సీతాకోకచిలుకలు 18,000 మాత్రమే. తక్కిన వన్నియు శలభములు. కవులు దీపమున బడు శలభమునే యెఱుగుదురు గాని, పగలు తిరుగు శలభములును గలవు. ఈ జీవుల కన్నిటికిని నాలుగు దశలు కలవు: గ్రుడ్డు, పురుగు, కోశస్థ దశ, రెక్కల పురుగు. మొదటి దశనుండి వెలువడిన పురుగు తినుటకును పెరుగుటకును, రెక్కల పురుగు జతగూడి గ్రుడ్లు పెట్టుటకును ఏర్పడినవి. రైతులు రెక్కల పురుగును 'తల్లి పురుగు' అనుట ఎంతయు సార్థకము. పంటను తినునది బిడ్డ; నివారణకు తగిన సమయమును సూచించునది తల్లి.

వర్గీకరణ చరిత్ర

స్వీడన్ దేశీయుడైన లిన్నేయస్ 1758 లో ప్రకటించిన తన గ్రంథమున శలభములనన్నిటిని దాదాపుగా 'ఫలీనా' అను ఒక్క ప్రజాతి క్రిందనే చేర్చి, దానిలో కొన్ని విభాగములు కల్పించెను. ఆయన శిష్యుడైన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768 లో తరంగంబాడికి వైద్యుడుగా వచ్చి, చోళమండల తీరమున మొక్కలను, కీటకములను సేకరించి ఐరోపాకు పంపెను. లిన్నేయస్ యొక్క మఱియొక శిష్యుడైన ఫెబ్రీషియస్ వానిలో పెక్కింటిని వర్ణించెను. కోనిగ్ 1785 లో కాకినాడ చెంత మరణించెను. దక్షిణదేశపు కీటకశాస్త్రమునకు తొలి పునాదులు వేసినవారిలో ఒకడు తెలుగు గడ్డపైననే కన్నుమూసె నన్నమాట. మన ఆముదపు చేలలో కనబడు బొచ్చు పురుగునకు ఆముదపు మొక్క లాటిన్ పేరుమీదుగా 'రిసినీ' అను జాతినామము నిచ్చినవాడు కూడ ఫెబ్రీషియసే. అది 1775 నాటి మాట.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ పని లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకు మారెను. అచట ఫ్రాన్సిస్ వాకర్ వేలకొలది జాతులకు పట్టికలు కూర్చెను. మన వేరుశనగ గొంగళి పురుగునకు 'అల్బిస్ట్రైగా' అను జాతినామమును 1865 లో పెట్టినది ఆయనయే. తెల్లని చార గలది యని ఆ పేరునకు అర్థము. నీలగిరులలో తేయాకు తోటలు నడపిన జార్జి హాంప్సన్ 1892 నుండి 1896 వఱకు భారతదేశపు శలభములపై నాలుగు సంపుటములు ప్రకటించెను. ఆర్క్టైడే కుటుంబము 1894 నాటి రెండవ సంపుటమున కలదు. తరువాత బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ 1914 లో దక్షిణ భారత కీటకములపై వ్రాసిన గ్రంథమును, టి. వి. రామకృష్ణ అయ్యర్ 1940 లో వ్రాసిన ఆర్థిక కీటకశాస్త్ర గ్రంథమును ఈ జ్ఞానమును మ్యూజియపు పెట్టెలనుండి పొలమునకు తెచ్చినవి.

ఈ కుటుంబమును గుర్తించుటకు పూర్వులు వెనుక రెక్కలలోని ఈనెల అమరికను, పురుగు మేనిమీది బొడిపెలనుండి గుత్తులుగా మొలచు రోమములను ఆధారముగా గొనిరి. తరువాత మఱికొన్ని లక్షణములు బయటపడినవి. రొమ్ము వెనుక భాగమున ఈ శలభములకు చెవులు కలవు. వానితో గబ్బిలముల సూక్ష్మధ్వనిని వినగలవు. ఈ కుటుంబమున పెక్కింటికి అదే భాగమున ముడుతలు గల ఒక పలుచని బిళ్ళయు కలదు. దానిని వంచి 'టిక్కు టిక్కు' మను ధ్వనిని అవి పుట్టించును. 1965 లో డన్నింగ్, రోడర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఈ ధ్వనిని యంత్రముపై వినిపింపగా, ఆహారమును పట్టబోవు గబ్బిలములు ప్రక్కకు తొలగుట చూచిరి. చేదు రుచియు విషమును గల శలభము చీకటిలో తన్ను తానే చాటుకొను పద్ధతి ఇది.

2010 తరువాతి సంవత్సరములలో జన్యు పదార్థమును పోల్చి చూచు పరిశోధనలు ఈ వర్గీకరణమును మార్చినవి. ఆర్క్టైడే ఇపుడు ప్రత్యేక కుటుంబము కాదు. ఇరువదినాలుగు వేలకు పైగా జాతులు గల 'ఎరెబిడే' అను మహత్తర కుటుంబములో 'ఆర్క్టైనే' అను ఉపకుటుంబముగా చేరినది. ఇంటిపేరు చెడలేదు, వేఱు కాపురమున్నవారు ఉమ్మడి కుటుంబమునకు చెందినవారని దస్తావేజులవలన తెలిసినట్లయినది. పాత గ్రంథములలో ఆర్క్టైడే యనియు, కొత్త గ్రంథములలో ఎరెబిడే యనియు కనబడినచో అవి రెండు వేఱు పురుగులని పాఠకులు భ్రమపడరాదు.

ఉపకుటుంబమునందలి శాఖలు

ఆర్క్టైనే ఉపకుటుంబమున సుమారు 11,000 జాతులు కలవు. వీనిని నాలుగు శాఖలుగా విభజింతురు. మొదటిది లిథోసీని, ఇవి చిన్నవి, సన్ననివి. వీని పురుగులు రాళ్ళపైన, చెట్ల బెరడుపైన పెరుగు లైకెనులను, పాచిని తినును. కావున పంటలకు వీనివలన భయము లేదు. రెండవది సింటోమీని, ఇవి పగటిపూట తిరుగును. నల్లని రెక్కలలో అద్దపు కిటికీలవంటి మచ్చలును, పొట్టపై పసుపుపచ్చని పట్టెలును ఉండుటచే కందిరీగలని భ్రమ కలుగును. మూడవది అమెరిలీని యను చిన్న శాఖ. నాల్గవది ఆర్క్టీని, అసలైన గొంగళి శలభములు ఇందే కలవు. ఆంగ్లేయులు వీనిని పులి శలభములందురు.

ఆర్క్టీని శాఖలోనే స్వభావభేదము లెన్నియో కలవు. జనుము చేలలో కనబడు 'యుటెథీసా' ప్రజాతి శలభము తెల్లని రెక్కలపై ఎఱ్ఱని, నల్లని చుక్కలతో ముగ్గువేసినట్లుండును. దాని పురుగు జనుము, గిలిగిచ్చ జాతుల కాయలను తొలిచి గింజలు తినును. ఆ గింజలలోని విషపదార్థము పురుగు శరీరమున నిలిచి, రెక్కల పురుగునకు సంక్రమించును. అమెరికా ఖండమునందలి దీని సోదరజాతి సాలెగూటిలో చిక్కినచో, సాలెపురుగు దానిని తినక, పోగులు తెంపి విడిచిపెట్టుట శాస్త్రజ్ఞులు గమనించిరి. ఒకే మొక్క నాశ్రయించినది ఇట్లు విషమును కవచముగా చేసికొన్నది. వేరుశనగ గొంగళి పురుగు మార్గము వేఱు. అది వేరుశనగ, అలసంద, ఆముదము, జొన్న, సజ్జ, రాగి, ప్రత్తి మున్నగు వానిలో దొరకినదెల్ల తినును. దాని బలము సంఖ్యయందు కలదు.

బొచ్చు గలవన్నియు బంధువులు కావు

మునగచెట్టు మ్రానుపై పగటివేళ గుంపులుగా ముసరు బొచ్చు పురుగును తెలుగువా రెవ్వరైన నెఱుగుదురు. అది తగిలినచో ఒడలెల్ల దురద పుట్టును. దానిని కూడ గొంగళి పురుగనియే అందుము. కాని అది 'యూప్టెరోటిడే' అను వేఱు కుటుంబమునకు చెందినది. ఆర్క్టైనే కంటె పట్టుపురుగునకే అది దగ్గఱ బంధువు. ఆముదపు ఆకులపై తలవద్ద కుచ్చులు గల మఱియొక బొచ్చు పురుగు కనబడును. అది 'లైమాంట్రినే' ఉపకుటుంబములోనిది. దాని రోమములును మంట పుట్టించును. వేరుశనగ గొంగళి పురుగు రూపమున భయంకరమైనను, వీనివలె దురద పుట్టించుటలో పేరుపొందినది కాదు.

ఈ భేదము కేవలము పేళ్ళ ముచ్చట కాదు. మునగ పురుగు పగలు మ్రానుపై గుమిగూడును గనుక దివిటీతో అచటనే కాల్చివేయవచ్చును. వేరుశనగ పురుగు పెరిగిన పిమ్మట ఒకచో నిలువక చేనినుండి చేనికి నడచిపోవును. దానికి దివిటీ పనికిరాదు, దారికి అడ్డముగా కాలువ త్రవ్వవలెను. మొదటిది చెట్టుకు శత్రువు, రెండవది ఊరికి శత్రువు. పేరొక్కటే యగుటచే ఒకదాని మందు మఱియొకదానికి వేసినచో కాలమును ధనమును వ్యర్థమగును.

వ్యాప్తి

అంటార్కిటికా తప్ప తక్కిన ఖండములన్నిటను ఈ ఉపకుటుంబము వ్యాపించియున్నది. జాతులలో సుమారు సగము మధ్య, దక్షిణ అమెరికాల ఉష్ణారణ్యములలోనే కలవు. చలిదేశములలో జాతులు తక్కువైనను, బ్రదుకు నేర్పు తక్కువ కాదు. ఉత్తర అమెరికాలో ఇసబెల్లా అను శలభముయొక్క పురుగు శీతకాలమున ఆకుల క్రింద గడ్డకట్టియు చావదు. శరీరములో గ్లిసరిన్ వంటి పదార్థము పుట్టి దానిని రక్షించును. ఒంటిపైనున్న పట్టెల వెడల్పును చూచి రానున్న చలిని చెప్పవచ్చునని అచటి పల్లెజనుల నమ్మకము. మన దేశపు జాతికి కాపాడుకొనవలసినది హిమమునుండి కాదు, ఎండనుండి. అందుచేత అది కోశస్థ దశలో భూగర్భమున దాగును. ఉపాయములు రెండైనను సూత్ర మొకటే: ఆహారము లేని కాలమును నిద్రలో గడపుట.

మనుష్యులవలన కూడ ఈ శలభములు దేశాంతరములు పోయినవి. ఉత్తర అమెరికాకు చెందిన 'హైఫాంట్రియా' 1940 ప్రాంతమున హంగేరీలోను, 1945 లో జపానులోను కనబడి, తోటలకు పీడగా మారెను. ఇంగ్లండులోని ఎఱ్ఱని 'సిన్నబార్' శలభమును మాత్రము పశువులకు విషమైన ఒక కలుపు మొక్కను తినుటకై 1929 లో న్యూజీలాండునకు బుద్ధిపూర్వకముగా తీసికొనిపోయిరి. కావున ఈ కుటుంబమంతయు శత్రువర్గమే యనరాదు.

భారతదేశమున 'ఆమ్‌సాక్టా' ప్రజాతిలో రెండు జాతులు పంటలకు ముఖ్యమైనవి. ముందు రెక్క పై అంచున పసుపుపచ్చని చార గల అల్బిస్ట్రైగా దక్షిణాదిని ప్రబలమైనది. రాయలసీమ, దక్షిణ కర్ణాటకపు మెట్టలు, తమిళనాడు దీని స్థానములు. ఆ అంచున ఎఱ్ఱని చార గల మూరియై జాతి గుజరాతు, రాజస్థాను మొదలుకొని ఉత్తర దేశమున హెచ్చు. ఈ రెండవదానినుండి 1968 లో వర్ణింపబడిన ఒక వైరసు మశూచి వైరసు జాతికి దగ్గఱిదగుటచే ప్రపంచ పరిశోధనాలయములలో ప్రసిద్ధికెక్కినది. 2000 సంవత్సరమున దాని జన్యుక్రమమంతయు ప్రకటింపబడినది. మన చేలలోని పురుగు రోగమొకటి ఇట్లు దేశాంతర పండితుల పరిశీలనకు పాత్రమయ్యెను.

వల్లూరు ఎఱ్ఱ నేలలలో

ఇక అల్బిస్ట్రైగా జీవితమును పావగడ మెట్టలకు అన్వయించి చూతము. వేసవి యంతయు అది నేలలో 10 నుండి 20 సెంటిమీటర్ల లోతున, గట్ల క్రిందను, చెట్ల నీడలందును కోశస్థ దశలో నుండును. ఈ నిద్ర తొమ్మిది, పది నెలలు సాగును. ఏరువాక వానలు పడి నేల బాగుగా తడిసిన కొలది దినములలో, సాయంకాలమున శలభములు గుంపులుగా వెలువడును. ఒక్కొక్క ఆడ శలభము ఆకుల అడుగున 600 నుండి 1,000 వఱకు గ్రుడ్లు గుంపులుగా పెట్టును. మూడు నాలుగు దినములలో గ్రుడ్లు పొదిగి పిల్లలు పుట్టును. మొదట అవి ఒకే ఆకుపై కూడియుండి పచ్చని పదార్థమును గీకి తినుటచే ఆకు జల్లెడవలె కనబడును. పిమ్మట చెదరిపోయి, 5 సెంటిమీటర్ల పొడవునకు పెరిగి, ఎఱ్ఱని గోధుమవన్నె రోమములతో చేనిపై దండెత్తును. సుమారు 40 దినముల పిమ్మట తిరిగి నేల జొచ్చును. సాధారణముగా ఏటికి ఒక్క తరమే.

రైతు విత్తుటకు కాచుకొనియున్న వాననే ఈ పురుగును కాచుకొనియున్నది. అందుచే వేరుశనగ లేత ఆకుల దశలో నుండగనే పురుగు ఆకలితో సిద్ధమగును. తిరిగి విత్తుటకు పదును ఉండదు, విత్తనమునకు ధనము ఉండదు. కొలది వారములలో ఒక సంవత్సరపు కష్టము నిష్ఫలమగును.

ఇంకొక విషయము గమనింపదగినది. వేరుశనగ దక్షిణ అమెరికానుండి వచ్చిన పంట; పురుగు మాత్రము ఈ దేశముదే. రాగి, సజ్జ, అలసంద మొదలగునవి కలిపి విత్తు చేలకంటె, మైళ్ళకొలది ఒకే పైరుగా పఱచుకొన్న వేరుశనగ ఏది దొరకిన అది తిను పురుగునకు ఎక్కువ అనుకూలమగుట సహజము. ఈ పురుగు బాధయొక్క వ్యాప్తిని పటముపై గీయదలచినచో, ఎఱ్ఱ నేల, వానపై ఆధారపడిన వేరుశనగ కలిసిన చోటులను గుర్తించిన చాలును.

నివారణోపాయములు దాని జీవితక్రమమునుండియే పుట్టినవి. వేసవి దుక్కి చేసినచో కోశములు పైకివచ్చి ఎండకును పక్షులకును ఆహుతియగును. తొలి వానల వెంటనే రాత్రులందు చేలగట్లపై మంటలు వేసినచో, దీపపు ఎరలు పెట్టినచో, శలభములు గ్రుడ్లు పెట్టకముందే నశించును. గ్రుడ్ల గుంపులు గల ఆకులను, జల్లెడవలె మారిన ఆకులను ఏరి నాశనము చేయవలెను. అంచులందు అలసంద, ఆముదము ఎరపంటగా వేసినచో ఏరుట సులభమగును. పురుగులు నడకసాగించినపుడు చేని చుట్టును 30 సెంటిమీటర్ల లోతున కాలువ త్రవ్వి, అందు జిల్లేడు కొమ్మలు పఱచినచో అవి అచట గుమిగూడును. పురుగులకు రోగము తెచ్చు ఎన్.పి.వి. అను వైరసు ద్రావణమును లేత పురుగులపై చల్లుటయు కలదు. పెరిగిన పురుగుపై మందులు అంతగా పనిచేయవు. కావున నిజమైన గడువు తల్లి పురుగు కనబడిన దినమునుండి వారము, పది దినములు మాత్రమే.

ఈ ఉపాయములలో దాదాపు ఏదియు ఒక్క రైతు చేసినచో ఫలింపదు. ఒకడు మంట వేసి, ప్రక్కవాడు ఊరకున్నచో, ప్రక్క చేనిలో పుట్టిన పురుగు గట్టు దాటివచ్చును. పావగడ విషయమున గట్టు అనగా ఒక్కొక్కచోట రాష్ట్రపు సరిహద్దే. వల్లూరులో వాన కురిసిన రాత్రియే ఆవలి పెనుకొండ సీమలోను కురియవచ్చును. శలభములు రెండుచోట్లను ఒకేసారి లేచును. సరిహద్దు రాళ్ళు మనుష్యులకే గాని పురుగులకు లేవు. కావున కన్నడమున చేయు హెచ్చరికయు, తెలుగున చేయు హెచ్చరికయు ఒకే దినమున, ఒకే పురుగును గూర్చి, రెండు వైపుల రైతులకును తెలియునట్టి పేళ్ళతో వెలువడుట అవసరము. గొంగళి, కంబళి అను మాటలు ఇదివఱకే ఆ పని సగము చేసియున్నవి.

ఇటీవల ఈ ప్రాంతపు రూపము మారినది. వల్లూరు, తిరుమణి, బాలసముద్రము, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామములలో సుమారు 13,000 ఎకరములను రైతులనుండి కౌలునకు గొని నిర్మించిన సౌర విద్యుత్ క్షేత్రము 2018 లో ప్రారంభమై, 2019 చివరకు 2,050 మెగావాట్ల సామర్థ్యమును పొందెను. వేరుశనగ పండిన నేలపై నేడు అద్దపు పలకలు నిలిచినవి. కౌలు సొమ్ము వాననుబట్టి మారదు. పురుగు దానిని తినదు. అయినను సేద్యము నింకను నమ్ముకొన్నవారి చేలు అచటచట విడివడి మిగిలినపుడు, ఊరంతయు ఒకే రాత్రి కదలి మంటలు వేయుట మునుపటికంటె కష్టము. మిగిలినవారు కొద్దిమంది యగుకొలది వారి మధ్య కూడిక హెచ్చు కావలెను.

ఈ శలభమునకు ఏ కుటుంబమున స్థానము కల్పించినను, అది తొలి వానకు లేచుట మానదు. తల్లి పురుగు రెక్క అంచున పసుపుపచ్చని చారను చూచి, ఇది మునగ పురుగు కాదు, జనుము పురుగు కాదు, వారములోపల పొలము మీదికి రాబోవు గొంగళి పురుగే యని చెప్పగల బాలుడొక్క డున్నచో ఆ గ్రామమునకు మేలగును. వర్గీకరణ శాస్త్రమును మాతృభాషలో వ్రాయుటకు ఇంతకంటె వేఱు ప్రయోజనము అక్కఱలేదు.